గడ్డి చేమంతి పసరు, తొమ్మిది సీసాలు

ఆ రోజుల్లో మనుషులకు ఓపిక ఎక్కువగా ఉండేదని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. ఉత్తరానికి వారం రోజులు, రైలుకి ఒక పూట, గ్యాసు కనెక్షనుకి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళమని చదివినప్పుడల్లా నిజమేననిపిస్తుంది. కాకపోతే ఆ ఓపిక పంచిపెట్టిన రోజున నేను వరసలో లేను. (ఉన్నా, వరస కదలడం లేదని మధ్యలోనే వచ్చేసి ఉంటాను.) ఇడ్లీ పాత్ర పొయ్యి మీదుంటే మూడుసార్లు మూత తీసి చూసేదాన్ని. మా ఇంట్లో అందరూ ఆ కారణంగా ఎన్నో ఉదయాలు పచ్చి ఇడ్లీలు తిన్నారు. చర్చిలో ప్రసంగం అయ్యేలోపు కనీసం రెండు బెంచీలు మారేదాన్ని. మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఆయన నన్ను మందలించడానికి ఒక వాక్యం మొదలుపెట్టి, క్రియాపదం దగ్గరికి వచ్చేసరికి నేను గదిలో ఉండేదాన్ని కాదు. అలాంటి నాకు ఎమ్మెస్సీ బోటనీ పాసవగానే, డెబ్బైల చివర్లో, నరసాపురంలో మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్న కాలేజీలో డెమాన్‌స్ట్రేటరుగా ఉద్యోగం వచ్చింది. ఆకులు ఆరేదాకా, విత్తనాలు మొలిచేదాకా, సూక్ష్మజీవులు పెరిగేదాకా ఊరికే చూస్తూ కూర్చోవలసిన ఉద్యోగం అది.

మా ఇంట్లో నాన్నగారి అక్క ఉండేది, మా అత్తయ్య. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, లేసు అల్లుకుంటూ మమ్మల్నందరినీ పెంచింది. మా పేటలో ఆడవాళ్ళలో సగంమంది చేతుల్లో ఎప్పుడూ ఆ కొక్కెం సూది, దారపుండా ఉండేవి. సూది వేల్లోకి దిగడం, అది చీము పట్టడం మామూలే. వేలు వాచినవాళ్ళు, కత్తిపీట మీద చెయ్యి తెగినవాళ్ళు, చేప ముల్లు గుచ్చుకున్నవాళ్ళు అందరూ మా వీధి అరుగు మీదికే వచ్చేవారు. అత్తయ్య దొడ్లోంచి గడ్డి చేమంతి ఆకు నాలుగు రెమ్మలు కోసి, అరచేతిలో నలిపి, పసరు పిండి, ఆ ముద్దనే గుడ్డపీలికతో కట్టేసేది. గడ్డి చేమంతి అంటే పెద్ద మొక్కేమీ కాదు. రోడ్ల పక్కన, రైలు పట్టాల వెంబడి, ఎవరూ పెంచకుండా పెరిగే మొక్క, పొడుగాటి కాడ చివర చిన్న పసుప్పచ్చ పువ్వు. చిన్నప్పుడు మేమందరం పలకలు తుడుచుకున్నది ఆ ఆకుతోనే.

అంతవరకూ నేనూ ఆ పసరు పూయించుకున్నదాన్నే. ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చాక మాత్రం ఆ అరుగు చూస్తే నాకు సిగ్గుగా ఉండేది. ఒక సైన్సు డెమాన్‌స్ట్రేటరు ఇంటి ముందు ఈ ఆకుల వైద్యం ఏమిటని ఒకటే బాధ. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తయ్యా, ఈ ఆకుతో పుండు మానుద్దని నీకెవరు చెప్పేరు?"

"మా అమ్మమ్మ కట్టేదమ్మా."

"ఆవిడకెవరు చెప్పేరు?"

"ఆవిడ పోయింది. అడగడానికి లేదు," అంది అత్తయ్య, సూది మీంచి కళ్ళు ఎత్తకుండా.

ఇది మూఢనమ్మకమని లేబొరేటరీలో రుజువు చేసి, ఆ కాయితం తెచ్చి ఆవిడ ముందు పెట్టాలని ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాను. నా నిర్ణయాలన్నీ క్షణంలోనే జరిగేవి.

మా డిపార్ట్‌మెంటు హెడ్ గారిని మేమందరం మాస్టారు అనే పిలిచేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా, మాటకీ మాటకీ మధ్య చాలా ఖాళీ వదిలే మనిషి. ఆ ఖాళీల్లో నేను రెండు పనులు చేసుకు వచ్చేదాన్ని. ఆయన అప్పుడే యూనివర్సిటీకి పరీక్ష పేపర్లు దిద్దడానికి పది రోజులు వెళ్తున్నారు. నా ఆలోచన చెప్పాను. ఆయన సంచీ కింద పెట్టి, "మంచిదేనమ్మా. కాని ఒక్కటి గుర్తుపెట్టుకో. ఏం ప్రయోగం చేసినా..." అని ఆగారు. ఆయన ఆగిన చోట నేను "అలాగేనండి" అని చెప్పేసి, జాడీలు కడగడానికి వెళ్ళిపోయాను. ఆ వాక్యం రెండో సగం ఆయన ఎవరికి చెప్పారో నాకు తెలియదు. బహుశా మా అటెండరుకి చెప్పి ఉంటారు. అటెండరు గారు రిటైర్మెంటుకి దగ్గర పడ్డ పెద్దాయన. గాజు సామానంతా కన్నబిడ్డల్లా కాపాడేవాడు కనక ఆయన్ని సీసాల తాత అనేవాళ్ళం. స్పిరిట్ బీరువా తాళం ఆయన మొలతాడుకే ఉండేది.

రైలు స్టేషను దాటాక పట్టాల పక్కన గడ్డి చేమంతి బోలెడంత. సంచీ నిండా కోసుకొచ్చాను. ఆకుల్ని నీడపట్టున వారం పది రోజులు ఆరబెట్టాలని పుస్తకంలో ఉంది. నేను రెండు రోజులు నీడలోనూ, ఒక పూట మేడమీద ఏప్రిల్ ఎండలోనూ ఆరబెట్టాను. (ఎండలో పెట్టకూడదని పుస్తకంలో కింద గీత గీసి మరీ రాశారు. ఆ గీత నేనే గీశాను, పరీక్షకి చదువుకునేటప్పుడు.) పొడి కొట్టి స్పిరిట్‌లో నానబెట్టి వడగడితే చిక్కటి ఆకుపచ్చ ద్రావకం వచ్చింది. అందులో ఏమేం ఉన్నాయో చూడటం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, ఎందుకంటే ఆ పరీక్షలు వెంటనే తేలిపోతాయి. కొంచెం పొడిని నీళ్ళలో ఉడికించి చల్లార్చి గట్టిగా ఊపితే కుంకుడురసంలా నురగ వచ్చింది, అంటే సపోనిన్లు ఉన్నట్టు. ఇనుప లవణం రెండు చుక్కలు వేస్తే సిరాలా నల్లబడింది, టానిన్లు. ఇంకో రసాయనం వేస్తే అడుగున నారింజ రంగు మడ్డి దిగింది, ఆల్కలాయిడ్లు. గళ్ళు గీసుకున్న నోటుపుస్తకంలో ప్లస్ గుర్తులు పెట్టుకుంటూ పోతుంటే, రోడ్డు పక్క పిచ్చిమొక్కలో ఇంత కాపురం ఉందా అని మొదటిసారి కొంచెం గౌరవం కలిగింది.

అసలు పరీక్ష వేరే. పుండ్లలో చీము పట్టించే సూక్ష్మజీవిని మాస్టారు ఒక గొట్టంలో పెంచి ఉంచారు. సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీని గాజు పళ్ళేల్లో పోసి, గడ్డకట్టాక దాని మీద ఆ జీవిని పలచగా పూయాలి. దాని మీద మందులో ముంచిన చిన్న కాయితం బిళ్ళ పెట్టి, వెచ్చని పెట్టెలో ఒక రోజు ఉంచాలి. మందుకి బలం ఉంటే బిళ్ళ చుట్టూ ఏమీ పెరగదు, స్వచ్ఛంగా ఒక వలయం మిగులుతుంది. లేకపోతే బిళ్ళ అంచుదాకా తెల్లగా పెరుగుతుంది. కాయితం బిళ్ళల కోసం ఆఫీసుకి వెళ్ళి ఫైళ్ళకి బెజ్జాలు పెట్టే మిషను అడిగి తెచ్చి, వడపోత కాయితాల్ని కొట్టాను. జెల్లీ ఉడికించే పెద్ద యంత్రం పాడైతే ఇంటినుంచి అత్తయ్య ప్రెషర్ కుక్కరు ఎత్తుకొచ్చాను. మూడు రోజులపాటు మా ఇంట్లో పప్పు ఉడకలేదు.

బిళ్ళల్ని ద్రావకంలో ముంచాక పూర్తిగా ఆరనివ్వాలి. అరగంట పడుతుంది. పట్టుకారుతో పట్టుకుని, రెండుసార్లు నోటితో ఉఫ్ అని ఊది, తడి తడిగానే పళ్ళేంలో పెట్టేశాను. వలయం బాగా రావాలని మళ్ళీ ఒక్కో చుక్క పైన వేశాను కూడా. పెట్టె తలుపు వేశాను. పది నిమిషాలయ్యాక తీసి చూశాను. ఇంకో పావుగంటకి మళ్ళీ చూశాను. ఆరోసారి వెళ్ళేసరికి సీసాల తాత ఆ పెట్టె ముందు స్టూలు వేసుకుని, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

"లేవండి తాతా, ఒక్కసారి చూస్తాను."

"ఆయ్, రేపు చూడండమ్మా. మీరు తలుపు తీత్తా ఉంటే లోపల వేడంతా నాకే తగులుతుంది. పురుగులికి తగలదు."

మర్నాడు పొద్దున్న కాలేజీ గేటు తీయకముందే నేను గేటు దగ్గరున్నాను. పెట్టె తెరిచి పళ్ళేన్ని వెలుతురుకి పట్టి చూస్తే, పాలమీగడలా పరుచుకున్న తెలుపు మధ్యలో, బిళ్ళ చుట్టూ, పావలా కాసంత స్వచ్ఛమైన వలయం. నాలుగు పళ్ళేల్లోనూ అంతే. మూఢనమ్మకాన్ని పడగొడదామని బయల్దేరినదాన్ని, ఆ క్షణంలోనే ఆ నమ్మకానికి కాపలాదారునైపోయాను. ఇన్నాళ్ళూ ఎవరి గురించి సిగ్గుపడ్డానో ఆ అత్తయ్య గురించే గర్వంతో గుండె నిండిపోయింది. మూతవేసిన పళ్ళేన్ని చేతిరుమాల్లో చుట్టుకుని రిక్షా ఎక్కి ఇంటికి తీసుకెళ్ళాను. (ఏ లేబొరేటరీలోనూ ఎవరూ చేయకూడని పని. నా విద్యార్థులెవరైనా ఇది చదివితే ఈ వాక్యం దాటేయండి.)

"అత్తయ్యా, నీ ఆకు గెలిచింది," అన్నాను.

అత్తయ్య పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మధ్యలో ఈ ఖాళీ ఏంటమ్మా?" అంది.

"ఆ ఖాళీయే మందు. అక్కడ పురుగులన్నీ చచ్చిపోయాయి."

"చుట్టూ ఉన్నవి?"

"అవి బతికున్నాయి."

ఆవిడ పళ్ళేన్ని జాగ్రత్తగా నా చేతిలో పెట్టేసి, వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. ఆ ఇంట్లో ఆ రోజు శాస్త్రీయంగా ప్రవర్తించింది ఆవిడ ఒక్కతే.

నాన్నగారు పాస్టరు గారికి చెప్పారు. పాస్టరు గారు ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల్లో చెప్పారు. "మన సంఘపు బిడ్డ, మన పెరట్లో దేవుడు ఉంచిన మొక్కలో ఔషధాన్ని కనుగొంది" అని ఆయన అంటుంటే అందరూ వెనక్కి తిరిగి నన్ను వెతికారు. నేను అప్పటికే బెంచీ మారడం వల్ల దొరకలేదు. బయట చెట్టు కింద ఆడవాళ్ళందరూ చుట్టుముట్టారు. ఇంజెక్షను మందు వచ్చే చిన్న సీసాలు కడిగి అందులో నా ద్రావకం పోసి, ముందే సంచీలో పెట్టుకు వచ్చాను. తొమ్మిది సీసాలు, తొమ్మిదీ అక్కడే అయిపోయాయి. ఒకావిడ వేలి మీద నేనే దూదితో అద్దాను. ఆవిడ నొప్పికి మునివేళ్ళ మీద లేచి నిలబడింది.

"మండుతుందమ్మా," అంది.

"మండిందంటే పనిచేస్తోందన్నమాట," అన్నాను నేను, తడుముకోకుండా.

తొమ్మిదో సీసా పంటు బాబాయికి ఇచ్చాను. పంటు అంటే మా రేవులో గోదావరి దాటించే బల్లకట్టు పడవ. మనుషులూ, సైకిళ్ళూ, గేదెలూ, అప్పుడప్పుడు పెళ్ళికొడుకు కారూ అన్నీ దానిమీదే దాటేవి. దానిమీద తాళ్ళు వేసి కట్టే పని ఆయనది. నాన్నగారికి చిన్ననాటి స్నేహితుడు. కుడికాలి బొటనవేలికి ఇనుప కొక్కెం తగిలి పుండైతే, వారం నుంచి రోజు విడిచి రోజు ఆస్పత్రిలో కట్టు కట్టించుకుంటున్నాడు. ఆయనకి చక్కెర జబ్బు కూడా ఉందని నాకు తెలుసు.

"ఆస్పత్రికి ఎల్లాలంటే పొద్దున్న ట్రిప్పు పోతందమ్మా. ఇది రాసుకుంటే సరిపోద్దా?"

"సరిపోతుంది బాబాయ్. ఆస్పత్రికి వెళ్ళక్కర్లేదు."

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ అనమనలేదు. ఈ కథలో మిగతావన్నీ నవ్వుకుంటూ చెప్పగలను గాని, ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఇప్పటికీ కాస్త ఆగుతాను.

సోమవారం మాస్టారు వచ్చారు. నా నోటుపుస్తకం, పళ్ళేలు ఆయన బల్ల మీద పరిచి, ఊపిరి ఆడకుండా అంతా చెప్పాను. ఆయన భూతద్దంతో నాలుగు పళ్ళేలూ చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఉత్త స్పిరిట్ బిళ్ళ ఏదమ్మా?"

"అంటేనండి?"

"నువ్వు ఆకుని స్పిరిట్‌లో నానబెట్టావు. బిళ్ళ మీద ఆకూ ఉంది, స్పిరిట్టూ ఉంది. చంపింది ఏది?"

నేను కొంచెంసేపు నిలబడ్డాను. నా జీవితంలో అంతసేపు కదలకుండా నిలబడటం అదే మొదటిసారి అనుకుంటాను.

"వెళ్ళేముందు అదే చెప్పబోయాను," అన్నారాయన. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నమే ఉత్త స్పిరిట్‌లో ముంచిన బిళ్ళల్ని, నేను మొదట పెట్టినట్టే తడి తడిగా, పైన ఇంకో చుక్క వేసి మరీ పళ్ళేంలో పెట్టాను. ఆ రోజు పెట్టె తలుపు తెరవడానికి నాకు భయమేసింది. సీసాల తాత స్టూలు తీసి పక్కన పెట్టినా వెళ్ళలేదు. కాలేజీ ఆవరణలో ఎన్ని చుట్లు తిరిగానో తెలియదు. తోటమాలి వచ్చి, ఏమైనా పోయిందా అమ్మా అని అడిగి, నాతోపాటు కాసేపు వెతికాడు కూడా. మంగళవారం పొద్దున్న చూస్తే ఉత్త స్పిరిట్ బిళ్ళ చుట్టూ అదే వలయం, అదే పావలా కాసంత. మా అత్తయ్య ఆకు గెలవలేదు, ఓడిపోలేదు, అసలు పోటీలోనే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది బాబాయి కాలు.

మాస్టారికి చెప్పి రేవుకి పరుగెత్తాను. పంటు అప్పుడే నడిమధ్యన ఉంది. వచ్చేదాకా గట్టు మీద ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను. వచ్చాక చూస్తే దాని మీద బాబాయి లేడు. "ఒంట్లో బాలేదని నిన్నటేలనుంచి రాలేదండి. అద్దరిని ఇంటికాడే ఉన్నాడు," అన్నాడు అక్కడి మనిషి. అదే పంటు మీద అవతలి ఒడ్డుకి చేరి, రేవు దగ్గర్లోనే ఉన్న బాబాయి ఇంటికి వెళ్ళేసరికి ఆయన మంచం మీద కాలు చాపుకుని పడుకున్నాడు. పక్కన పిన్ని విసురుతోంది. వేలు నల్లగా ఉంది, పాదం చీలమండ దాకా ఎర్రగా వాచింది. నుదురు ముట్టుకుంటే కాలుతోంది. మంచం కోడు పక్కన నా సీసా, సగం ఖాళీ.

"వచ్చేవా అమ్మా," అన్నాడు బాబాయి. "నీ మందు మూడు పూటలా రాత్తానే ఉన్నాను. గట్టిగా పనిచేత్తంది, బాగా మండుతంది."

"బాబాయ్, అది మందు కాదు. నేను తప్పు చేశాను. లే, ఆస్పత్రికి వెళ్దాం."

"మందు కాకపోతే మండుద్దేంటి?"

"స్పిరిట్. ఉత్త స్పిరిట్ మండుతుంది."

ఆయన పిన్నివైపు చూశాడు. పిన్ని విసనకర్ర కింద పెట్టి, "నేను ఆదోరం నుంచీ చెప్తన్నాను, ఇన్నాడా. చదువుకున్న పిల్ల చెప్పిందన్నాడు," అంది. నన్ను తిట్టలేదు. చెంగుతో నా మొహం తుడిచింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

రిక్షా మీద ఎక్కించి రేవుకి తెచ్చి, పంటు ఎక్కించాం. అది ఎంత మెల్లగా వెళ్తుందో ఆ రోజు తెలిసింది. ఏటికి ఎదురుగా కొంత పైకి పోయి, అక్కడినుంచి ఏటవాలుగా జారుతూ, నడిమధ్యలో ఆగిపోయిందా అన్నట్టు. నేను సైకిళ్ళ మధ్యలోంచి, గడ్డిమోపుల మధ్యలోంచి ఆ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ ఈ చివరికి వచ్చి, మళ్ళీ వెళ్ళి... బాబాయి గోనెసంచీకి ఆనుకుని జ్వరం కళ్ళతో నన్నే చూస్తున్నాడు.

"తల్లీ," అన్నాడు చివరికి. "నువ్వు నడిసినంత మాత్రాన పంటు తొందరగా ఎల్లదు. ఇలా వచ్చి కూచో. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఒడ్డు వచ్చేదాకా వదల్లేదు, లేవలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పుండు కోసి చీము తీసి, పెన్సిలిన్ మొదలుపెట్టి, రక్తంలో చక్కెర చూసి, "ఇంకో రెండు రోజులు ఆగుంటే వేలు తీసెయ్యాల్సొచ్చేది. కట్టు మానెయ్యమని ఎవరు చెప్పారు?" అని అడిగింది. నేను చెప్పానన్నాను. ఏం చేస్తుంటావంది. కాలేజీలో పాఠాలు చెప్తానన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, సూది మందు రాసింది.

ఇంటికెళ్ళేసరికి అత్తయ్య అరుగు మీద ఎవరికో వేలు కడుగుతోంది. వేలు కడిగించుకున్నావిడ వెళ్ళేదాకా ఉండి, అంతా చెప్పాను. ఇన్నేళ్ళూ నువ్వు కట్టిన ఆకులో ఏముందో తెలియకుండానే కట్టావని, నా తప్పులో కొంచెం ఆవిడకి పంచిపెడదామన్నట్టు అన్నాను కూడా.

"కాళ్ళ పుళ్ళవాళ్ళకి నేనెప్పుడన్నా కట్టేనా?" అంది అత్తయ్య. "జ్వరం ఉన్నవాళ్ళకి కట్టేనా? అలాంటోళ్ళని ఆస్పత్రికి పంపేస్తాను. నువ్వు ఎప్పుడైనా ఇక్కడ కూర్చుని చూస్తే కదా తెలిసేది."

నిజమే. ఆ అరుగు మీద నేనెప్పుడూ అయిదు నిమిషాలు కూర్చోలేదు.

"మరి ఈ చిన్నవాళ్ళకి ఎలా మానుతోంది?"

ఆవిడ పక్కనున్న చెంబు చూపించింది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు. "ముందు దీంతో నాలుగుసార్లు కడుగుతాను. చీము ఉంటే పిండుతాను. శుభ్రమైన గుడ్డ కడతాను."

"ఆకు ఎందుకు మరి?"

"రక్తం ఆపుద్ది. చల్లగా ఉంటది," అని గొంతు తగ్గించి, "ఉత్త ఉప్పునీళ్ళతో కడుగుతాను రమ్మంటే ఎవరొస్తారమ్మా? ఆకు కడతానంటేనే వచ్చి, బుద్ధిగా చెయ్యి చాపుతారు," అంది.

ఎమ్మెస్సీలో నాకు ఈ పాఠం లేదు.

సాయంత్రం సీసాలు వెనక్కి తెచ్చుకోవడానికి ఇల్లిల్లూ తిరిగాను. ఏడుగురు ఇచ్చేశారు. బాబాయి సీసా నా దగ్గరే ఉంది. మిగిలిన ఒకావిడ మాత్రం ఇవ్వనంది. "పర్లేదమ్మా, ఆ రోజే వేలికి మంట ఆగక మానేశాను. దాంతో అద్దం తుడిస్తే మరకలన్నీ పోయాయి, ఉండనీ," అని లోపలికి తీసుకెళ్ళి చూపించింది కూడా. అద్దం నిజంగానే మెరిసిపోతోంది. అందులో నా మొహం అవసరమైనదానికంటే స్పష్టంగా కనిపించింది.

ఆ తర్వాతి ఆదివారం పాస్టరు గారిని అడిగి నేనే లేచి చెప్పాను. "నేను కనుగొన్నది స్పిరిట్‌ని. అది ముందే కనుగొన్నారు," అన్నాను. మొదట ఎవరూ నవ్వలేదు. మా నాన్నగారు దగ్గడం మొదలుపెట్టి, ఆ దగ్గు నవ్వయ్యి, అది ముందు బెంచీ దాకా పాకింది. పాస్టరు గారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. "పుళ్ళున్నవాళ్ళు ఆస్పత్రికి వెళ్ళండి" అని నేను చెప్పిన రెండో మాట ఆ నవ్వుల్లో ఎంతమందికి వినిపించిందోనని, బయట చెట్టు కింద నిలబడి ఒక్కొక్కరికీ మళ్ళీ చెప్పాను.

మాస్టారు ప్రయోగం మళ్ళీ చేయించారు. ఈసారి ఆకులు పది రోజులు నీడలో ఆరాయి. ద్రావకంలో స్పిరిట్ పూర్తిగా ఆవిరయ్యేదాకా ఆగి, బిళ్ళల్ని అరగంట ఆరబెట్టి, ఒక పళ్ళేంలోనే ఆకు బిళ్ళ, ఆరిన ఉత్త స్పిరిట్ బిళ్ళ, ఆస్పత్రి మందు బిళ్ళ మూడూ పెట్టాను. పెట్టె తాళం మాస్టారు జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. మర్నాడు చూస్తే ఉత్త స్పిరిట్ చుట్టూ ఏ వలయమూ లేదు. ఆస్పత్రి మందు చుట్టూ పెద్దది. ఆకు చుట్టూ, పళ్ళేన్ని కిటికీకి వంచి పట్టుకుంటే గాని కనపడనంత, గోటి అంచు మందాన ఒక సన్నటి గీత.

"ఇంతేనాండి?" అన్నాను.

"ఇంతే," అన్నారు మాస్టారు. కాసేపాగి, "కాని ఇది ఆకుదే," అన్నారు.

అత్తయ్యకి చెబితే, "కొంచెం పనిచేస్తదన్నమాట," అని తలాడించి, దారం తెంపుకుంది. ఆవిడ అంతకంటే ఎక్కువ ఎప్పుడూ అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ ఆకుకి అంతంత బిరుదులు తగిలించింది నేనే.

బాబాయి వేలు నిలబడింది. మూడు వారాలకి పంటు ఎక్కాడు. ఆ తర్వాత నేను అద్దరికి ఎప్పుడు వెళ్ళినా, చెప్పు విప్పి కాలు చూపించి, చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పేవాడు. "ఈ అమ్మాయిగారండి, కాలేజీలో పెద్ద సైన్సు. ఈవిడ మందు వల్లే నా ఏలు దక్కింది." నేను వెంటనే లేచి, అది కాదండి, నా మందు వల్లే పోబోయింది, పెన్సిలిన్ వల్ల దక్కింది అని, స్పిరిట్ నుంచి మొదలుపెట్టి అంతా వివరించేదాన్ని. బాబాయి శ్రద్ధగా విని, "ఆయ్, అదేనండి" అని ఒప్పుకుని, తర్వాతి ట్రిప్పులో కొత్తవాళ్ళకి మళ్ళీ మొదటి కథే చెప్పేవాడు. ఏళ్ళ తరబడి ఆయన చెప్పడం, నేను సరిచెయ్యడం.

నాకు పాఠాలు చెప్పడంలోనే జుట్టు నెరిసింది. చాలా ఏళ్ళకి ఒకసారి ఏదో పనిమీద ఆ రేవు దాటాను. బాబాయి పని మానేశాడు గాని, గాలికోసం వచ్చి పంటు మీదే కూర్చునేవాడట. చూపు ఆనడం లేదు. నా గొంతు విని పోల్చుకుని, మెల్లగా వంగి చెప్పు విప్పాడు. పక్కన ఎవరో కాలేజీ పిల్లలు నిలబడి ఉన్నారు. "ఈవిడ మందు వల్లేనండి," అని మొదలుపెట్టాడు. పాతికేళ్ళ నేనైతే స్పిరిట్ దగ్గర మొదలుపెట్టి ఒడ్డు వచ్చేదాకా వాదించేదాన్ని. ఆ రోజు నేను కూర్చుని, ఆయన చెప్పిందంతా చివరిదాకా విన్నాను. ఆ పిల్లలు నావైపు ఎంతో గౌరవంగా చూశారు. దిగేటప్పుడు వాళ్ళని పక్కకి పిలిచి, "కాలికి పుండైతే ఆస్పత్రికే వెళ్ళండి నాయనా," అని మాత్రం అన్నాను, బాబాయికి వినపడకుండా.